మల్లేశైతే పట్టీసీవోడు

సెమిలిగుడ,
శుక్రవారం.

దేవిశ్రీకి,

నీ కామేష్ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. బొబ్బిలిలో నువ్వూ, నేనింకా రెండుసార్లే ఎత్తుకున్న మన పిల్లాడూ హాయిగా ఉన్నారనుకుంటాను. రోజూ ఫోనులో మాట్లాడుతూనే ఉత్తరమేమిటని అనుకోకు. నువ్వు స్పీకరు పెడతావు, పక్కన మీ అమ్మగారుంటారు. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

మీ తమ్ముడు మోహన్ చేత పంపిన ఉత్తరం బుధవారం అందింది. అడిగినవన్నీ చెబుతాను. అమ్మ మోకాలికి రోజూ నూనె రాస్తున్నాను. నా వేలికి కట్టు విప్పేశారు, ఇంకా పూర్తిగా వంగడం లేదు. కొట్లో బేరాలు బాగానే ఉన్నాయి.

ఇక పేరు సంగతి. "పిల్లాడికి మల్లేశు అని పెడదామా, మీ స్నేహితుడి పేరు నిలుస్తుంది" అని రాశావు. వద్దు. ఆ మాట చదివి నీ ఉత్తరం నలిపేశాను. తరువాత సాపు చేసుకుని మళ్ళీ చదివాను. గ్రౌండు చాలక నా ఇంట్లోకి కూడా వచ్చేశాడా వాడు అనిపించింది.

పోయిన ఏడాది జూలైలో పిడుగు పడి చనిపోయేనాటికి వాడికి ఇరవై మూడేళ్ళు. జిల్లా ఫుట్‌బాల్‌లో అలాంటి గోల్‌కీపర్ లేడు. ఏడేళ్ళు వాడు గోలు కాస్తే నేను బెంచీ కాశాను. వాడు పోయాక ఆ చోటు నాకిచ్చారు. కానీ అది నాది కాలేదు. బంతి వదిలితే, "మల్లేశైతే పట్టీసీవోడు" అంటారు. పడితే, "మల్లేశు దగ్గిర నేర్సుకున్నాడు" అంటారు. వాడూ వదిలేవాడు దేవీ. రాయగడలో ఓసారి కాళ్ళ సందులోంచి వదిలేసి మమ్మల్ని ఓడించాడు. అది ఎవరికీ గుర్తులేదు. పోయినవాడు ఇంకెప్పుడూ గోలు వదలడు. వాడితో నేనెలా పోటీ పడను?

ఈ ఆదివారం వాడి పేరున కప్పు పెట్టారు. జంక్షన్‌లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. జట్టు కోసం స్టేట్ క్యాంపునే కాదన్న వీరుడట. రోజూ దాని కిందనుంచే కొట్టుకి వెళ్తున్నాను. ఆ మాట పుట్టించింది నేనే. ఎలాగో నీకెప్పుడూ చెప్పలేదు.

వాడు చనిపోయిన ఆ మంగళవారం పొద్దున మా క్లబ్ సెక్రటరీ ఉమాపతి గారు నాకు ఫోన్ చేశారు. "మల్లేశు ఫోను కలవట్లేదు. స్టేట్ క్యాంపుకి ఆడి పేరొచ్చింది. సాయంత్రం కొరాపుట్‌లో బండెక్కించీ" అన్నారు. వాడి ఫోను రిపేరులో ఉంది. సరేనన్నాను. మధ్యాహ్నం వాడు మన కొట్టుకే వచ్చి సోడా తాగాడు, చాలాసేపు కబుర్లు చెప్పాడు. నేను చెప్పలేదు. ఒక్క బండి తప్పితే చాలు, రెండోవాణ్ణి పిలుస్తారు, ఆ రెండోవాణ్ణి నేనే అనుకున్నాను.

సాయంత్రం ప్రాక్టీసులో వాన పట్టుకుంది. అందరం షెడ్డులోకి పరిగెత్తాం. బంతుల సంచి గోలు దగ్గర ఉండిపోయిందని వాడు వెనక్కి వెళ్ళాడు. తరువాతది నీకు తెలుసు. ఎందుకు వెళ్ళలేదు క్యాంపుకి అని ఉమాపతి గారు అడిగితే, "సెప్పేనండి. మన సెమీఫైనల్ అయ్యేకే ఎల్తానన్నాడు" అన్నాను. ఆ అబద్ధమే ఇప్పుడు ఫ్లెక్సీ మీద ఉంది.

నీ ఉత్తరం చదివాక ఆగలేకపోయాను. నిన్న మల్లేశు వాళ్ళమ్మ కుంతి పిన్ని దగ్గరికి వెళ్ళాను. రోడ్లు ఊడ్చే పని నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"ఏటి బాబూ, ఇలాగొచ్చేవు?" అంది.

అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. చెంబు కింద పెట్టి, "అంటే ఆడికి తెలీదా?" అంది.

"తెలీదు పిన్నీ."

"సెలెక్టయ్యేడని ఆడికే తెలీదా?"

"తెలీదు."

గడప మీద కూలబడింది. "ఏడాదయింది బాబూ, ఆడిమీద కోపంగున్నాను. అంత పెద్ద మాట నీకు సెప్పేడు, ఊరందరికీ తెలిసింది, కన్నతల్లికి సెప్పకుండా ఎలిపోయేడని. ఆడి ఫొటో ఏపు సరిగ్గా సూడ్నేదు నాను."

నిజం చెప్పాలి కదా. అప్పుడు కూడా నాకు ఈర్ష్య పోలేదు. నేను పోతే నామీద ఏడాదిపాటు ఇంత కోపం పెట్టుకునేవాళ్ళు ఎవరుంటారా అనిపించింది.

తప్పయిపోయిందన్నాను. "ఆ మాట నాకొద్దు. ఎవుల్లికి అబద్ధం సెప్పేవో ఆళ్ళకి సెప్పు" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆదివారం మ్యాచ్‌కి ముందు మైకులో చెబుతాను. ఉమాపతి గారికి పొద్దున్నే చెప్పేశాను. "నీకేటి మతిపోయిందా? గెస్టుల్ని పిలిసీసేం" అని కేకలేశారు. మైకు ఇవ్వకపోతే గోలు దగ్గర నిలబడి అరిచి చెబుతాను. ఆ తరువాత ఇక్కడ నన్నెవరూ గ్రౌండులోకి రానివ్వరు. కొట్టుకొచ్చేవాళ్ళూ కొందరు మానేస్తారు. ఊరివాళ్ళకంటే ముందు నా చేతిరాతలో నీకు తెలియాలని రాసి, రేపు మోహన్ చేతే పంపుతున్నాను.

సోమవారం మొదటి బస్సుకి బొబ్బిలి వస్తాను. నువ్వు రమ్మంటే లోపలికి వస్తాను. లేదంటే మీ అరుగు మీద కూర్చుంటాను. పిల్లాణ్ణి మాత్రం ఒక్కసారి బయటికి తీసుకురా.

ఇట్లు,
నీ భర్త
కామేష్