నాలుగు కర్రలు, ఒక తాడు

సింగపూర్, 18 జూన్ 2000, ఆదివారం

అరుణశ్రీ అను సహోదరికి, షిప్‌యార్డు వెల్డరు, ప్రభువు సేవకుడు ఏసుబాబు వ్రాయునది.

ఈస్ట్ కోస్ట్ ఇసుకలో మీరు నాలుగు కర్రలు పాతి, తాడు కట్టి, బోర్డు పెట్టారు. ఆ ఇంగ్లీషులో నేను కూడబలుక్కోగలిగింది మీ పేరూ అడ్రసూ మాత్రమే. చాలు. మూడేళ్లుగా ప్రతి ఆదివారం అక్కడే మా ప్రార్థన. తిండి దుకాణాల హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పడేసి, ఇది మాదేనని బల్లను చోప్ చేసుకుంటారు, సరే. దేవుని సముద్రతీరాన్నే చోప్ చేసిన మీది ఏ సంఘం? మీ పాస్టరెవరు? పొలిమేర రాయి జరిపినవాడికి శాపమని వాక్యం చెబుతోంది! ఆగస్టు ఆరున అక్కడే మా ఏడుకొండలుకు బాప్తిస్మం. మళ్లీ అక్కడ తాడు కనిపిస్తే ఊరుకోను.

సత్యం కొరకు మండుచున్న,
ఏసుబాబు

తా.క.: మీ సంఘం ఎంతమంది? మేం పదిహేడు. పాటెత్తుకుంటే డెబ్బై.

*

22 జూన్

ఏసుబాబు అన్నయ్యగారికి నమస్కారాలు.

మాదీ సంఘమే గానీ ప్రార్థనలది కాదు. నేను బ్యాంకు కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసుకునే మనిషిని. ఈ నెల పదిన ఓ సముద్రపు తాబేలు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టి వెళ్లింది. ఎత్తుకుపోయి తినేవాళ్లున్నారు, అందుకే బోర్డులో గుడ్లని రాయలేదు. పదకొండు మందిమి జీతం లేకుండా వంతులవారీగా కాపలా కాస్తున్నాం. ఆగస్టు మొదటి వారంలో పిల్లలు పైకొస్తాయి. దయచేసి ఈ మాట బయటపెట్టకండి. మా కర్రలను ఎవరైనా ముట్టుకోవడం చూశారా?

ఇట్లు,
అరుణశ్రీ

తా.క.: మీ ఉత్తరం చదివి వినిపిస్తే ఎనిమిదేళ్ల మా అక్షర, "అమ్మా, దిస్ అంకుల్ సో ఫియర్స్ లా!" అంది.

*

29 జూన్

చెల్లెమ్మా,

కర్రలు ముట్టినవాడు నా కంటికి కనిపించలేదు.

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. గుడ్లున్న ఇసుక మీద పదిహేడు మంది మోకాళ్లూనితే ఏమవుతుంది? కంజీర మోతకు లోపలి పిల్లలు చెవిటివవుతాయా? ఒక మనిషి, ఎవరో ఒకడు, గూటి మీద అరగంట గెంతుతూ ప్రసంగించాడనుకోండి. అతని బరువు ఎనభై రెండు కిలోలనుకోండి. అప్పుడు?

భయముతోను వణకుతోను,
ఏసుబాబు

తా.క.: ఎనభై నాలుగు. ఉత్తరంలోనైనా అబద్ధం ఆడకూడదు.

*

27 జూలై

ఏసుబాబుగారికి,

మీ ప్రశ్నలు చదివి మావాళ్లు హడలిపోయారు. ఇప్పుడు మా నోటుబుక్కు ఏమంటోందో చూడండి. నెల రోజులుగా రోజూ సాయంత్రం ఏడింటికి మీవాళ్లు నలుగురు లారీ దిగి, బాదం చెట్టుకు ఇరవై అంగల ఇవతల, వీపులు కలిపి గుండ్రంగా కూర్చుంటున్నారు. పాట లేదు, మాట లేదు. ఎవరైనా అటు వస్తే లేచి నిలబడుతున్నారు. ఒకాయన చేతిలో మూతపెట్టిన బకెట్టు. గుడ్లు కాజేసే ముఠా మీదేనని మావాళ్ల అనుమానం. ఆదివారంలోగా నిజం రాయండి. లేదా సోమవారం పదిహేడు పేర్లూ అధికారులకు వెళ్తాయి. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకు అదెంత ప్రమాదమో నాకు తెలుసు. అందుకే ముందు మీకు రాస్తున్నాను.

అరుణశ్రీ

తా.క.: ముందు ఆ బకెట్లో ఏముందో చెప్పండి.

*

29 జూలై

అరుణశ్రీగారికి, దోషి ఏసుబాబు వ్రాయునది.

బకెట్లో అన్నం, చేపల పులుసు.

మీ కర్రలు పీకింది నేనే. పద్దెనిమిదిన పొద్దున్నే పీకి, ఇరవై అంగల అవతల బాదం చెట్టు కింద పాతి, అదే చేత్తో మీకు పొలిమేర రాయి గురించి రాశాను. నా వాక్యమే నా మెడకు చుట్టుకుంది. పాపం మీ పదకొండు మందీ ఉత్త ఇసుకకు కాపలా కాస్తున్నారు, గుడ్లేమో మా మోకాళ్ల కింద! చెబితే పర్మిట్ పోతుందని భయం. చెప్పకపోతే ఆ తల్లి తాబేలుకు ఏం జవాబు చెప్పను? అందుకే మావాళ్లను వంతులేసి చుట్టూ కూర్చోబెట్టాను.

"పన్నెండు గంటలు వెల్డింగు చేసొచ్చి తాబేలు గుడ్లకి కాపలా ఏంటన్నా?" అన్నాడు ఏడుకొండలు.

"పాపం నాదిరా. కూర్చోడం మనందరిదీ," అన్నాను.

పంపితే నా ఒక్కడి పేరే పంపండి. ఆరో తేదీ వరకు ఆగితే వాడికి బాప్తిస్మమిచ్చి విమానమెక్కుతాను.

ఏసుబాబు

తా.క.: ఇసుకకు చెవి ఆనించి విన్నాను. ఏ అలికిడీ లేదు. నాకు అన్నం సహించడం లేదు.

*

7 ఆగస్టు

అన్నయ్యగారూ,

ఎవరి పేరూ పంపలేదు. వారం రోజులు మిమ్మల్ని ఉడికించాను, క్షమించండి. పిల్లలు నీళ్లు చేరేదాకా నోరు విప్పకూడదని మా అందరి ఒట్టు.

మేం తాడు కట్టింది ఖాళీ ఇసుక చుట్టూ. దొంగలు తాడు చూసి అక్కడే తవ్వుకుంటారని. అసలు గూడు బాదం చెట్టు కింద. మీరు కర్రలు తీసుకెళ్లి సరిగ్గా దాని నెత్తిన పాతారు! ఇంత ఒడ్డుండగా ఆ చోటే ఎలా తెలిసిందీయనకని మా గుండెలు జారిపోయాయి. వెనక్కి జరిపితే చూసేవాళ్లకు గుట్టు మేమే విప్పినట్టవుతుంది. అందుకే వాటినలాగే వదిలి మీ మీద కన్నేశాం. మొన్న శుక్రవారం గుడ్ల కోసం ఇద్దరొచ్చారు. మీవాళ్లు అంత పట్టుదలగా కూర్చున్న చోటే గూడనుకుని, లేచి నిలబడిన ఏడుకొండలును చూసి పారిపోయారు. చెట్టు వైపు చూడనైనా లేదు.

నిన్న పొద్దున్నే వాన వెలిశాక నూట ఏడు పిల్లలు పైకొచ్చాయి. ఆ సమయానికి మీరంతా చెట్టుకు వీపు తిప్పి, కళ్లు మూసుకుని, ఖాళీ ఇసుకకు కాపలాగా పాడుతున్నారు. పిలుద్దామనుకున్నాను. మీ పాటకు నా గొంతు ఎక్కడ ఆనుతుంది?

వచ్చే ఏడు కూడా ఆ ఖాళీ ఇసుకను కాస్తారా?

మీ చెల్లెలు,
అరుణశ్రీ

తా.క.: వాటిలో ఒకటి దారి తప్పి మీ మధ్యలోకి వచ్చి, ఏడుకొండలుతోపాటే నీళ్లలో మునిగింది. అతను లేచాడు. అది అటే ఈదుకుపోయింది. మా పుస్తకంలో నూట ఆరే రాసుకున్నాం. మీ సంఘాన్ని పద్దెనిమిదని దిద్దుకోండి.