ఆంటీ వాళ్ళ అత్తగారి ఇంజెక్షన్

నవంబరు 1978, శనివారం
రాజిందర్ నగర్

మాకు మేడ మీద గది దొరికింది. నేను నైట్ డ్యూటీలు చేసే నర్సునంటే ఎవరూ ఇల్లివ్వరని, ఆఫీసు ఉద్యోగమని చెప్పాను. బేరం కుదరక లేచి వస్తుంటే ఇంటి ఓనరు ఆంటీ నిట్టూర్చింది.

"మా అత్తకి రోజూ ఇన్సులిన్ ఇంజెక్షన్ చెయ్యాలి, బేటీ. నర్సెవరైనా వస్తే సగం అద్దెకే ఇచ్చేసేదాన్ని."

నిజం చెప్పేశాను. ఆవిడ పడీ పడీ నవ్వి, తన అబద్ధమూ ఒప్పుకుంది.

"నీళ్ళు ఎప్పుడూ వస్తాయన్నానే, అసలు పైకి ఎక్కనే ఎక్కవు. స్నానాలకి కిందికి రండి, ఠీక్ హై?"

కాగితం లేదు, సంతకం లేదు. ఇంజెక్షన్ ఉన్నన్నాళ్ళూ సగం అద్దె. ఆ తరవాతో...

ఆ ముసలావిడకి నిండు నూరేళ్ళు ఇమ్మని ఇందాక ప్రార్థన చేశాను. సొంత అత్తగారి కోసం కూడా ఎప్పుడూ ఇంత మనస్ఫూర్తిగా అడగలేదు.