దొరగారు పోయిన కారణం

చిరంజీవి సౌభాగ్యవతి అయిన చెల్లికి అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా, చేప ఒక్కటి తప్ప. అక్కడ నువ్వూ, మరిదిగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఫోనులో అడగలేని ప్రశ్నలన్నీ మూటగట్టి పంపావు. ఒక్కొక్కటే విప్పుతాను. నా మోకాలి నొప్పి అలాగే ఉంది. స్కూలు యూనిఫారాల పని ఈసారి బాగానే వచ్చింది, చొక్కాలకు కాజాలు తీసేసరికి కళ్ళు లాగేస్తున్నాయి. వంటింట్లో కుళాయి కారడం ఇంకా ఆగలేదు. ఫ్యాక్టరీలో ఎంత పెద్ద యంత్రం ఆగినా మీ బావగారి కోసమే కబురు వస్తుంది గానీ, ఇంట్లో కుళాయి కారితే చెప్పుకునే దిక్కు లేదు. బకెట్టు పెట్టుకున్నాను.

ఇక నువ్వు అసలు అడగదలుచుకున్నది. దొరగారు ఎలా పోయారక్కా, బావ ఎలా ఉన్నారు, ఎందుకలా ఆయన్ని ఏడిపిస్తున్నావు అని పేజీ నిండా రాశావు. ఆ చేపకు దొరగారని పేరు పెట్టింది నువ్వే. కిందటిసారి వచ్చినప్పుడు, నీలం కోటు మీద పసుపు తోకతో అది అటూ ఇటూ పచార్లు చేస్తుంటే చూసి, "బావ చేప కాదు, బావకే దొర" అని నవ్వావు. ఆయనకూ నవ్వొచ్చింది. నీ మాటకు ఆయనకు ఎప్పుడూ నవ్వొస్తుంది.

పొద్దున లేచి చూసేసరికి అద్దాల తొట్టి అడుగున ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. రంగు కూడా మారలేదు. ముందురోజు సాయంత్రం ఆయన చేతి దగ్గరికి వచ్చి మేత తిన్న చేపే. నేను గదిలోకి వెళ్ళేసరికి ఆయన తొట్టి ముందు గొంతుక్కూర్చుని, అద్దం మీద వేలితో మెల్లగా కొడుతున్నారు. లేపుతున్నారన్నమాట. చెయ్యి భుజం దాకా ముంచి దాన్ని బయటికి తీశారు. తడి చొక్కాతోనే ఫ్యాక్టరీకి సెలవు చెప్పేశారు. అమ్మ పోయినప్పుడు ఆయన రాలేదని నీకు గుర్తుండే ఉంటుంది. ఆవేళ తొట్టిలో నీళ్ళు మార్చే రోజు.

పూడ్చారా అని అడిగావు. లేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అరలో ఉంచారు, ఎవరో నిపుణుడికి చూపించాలట. అప్పటినుంచి ఐసు కోసం తలుపు తీసినప్పుడల్లా దొరగారు నన్ను ఒంటికన్నుతో చూస్తున్నారు. నాకూ అలవాటైపోయింది.

మీ బావగారి పద్ధతి నీకు తెలుసు. ఫ్యాక్టరీలో ఒక యంత్రం ఆగితే, ఎందుకు ఆగిందో తేలేదాకా దాని స్విచ్ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. నష్టం ఎంతైనా సరే, పైవాళ్ళు మొత్తుకున్నా సరే. ఆయనకు పేరొచ్చిందే దానివల్ల. ఇంట్లోనూ అదే నియమం పెట్టారు. దొరగారు ఎందుకు పోయారో తేలేదాకా తొట్టిలో ఇంకో చేప పడదు. నీళ్ళలో ఉప్పు కొలిచారు, సరిగ్గా ఉంది. వేడి సరిగ్గా ఉంది. ఇంకేవో సీసాల్లో చుక్కలు వేసి రంగులు చూశారు, ఆ రంగులూ ఉండాల్సినట్టే ఉన్నాయి. చేపలు అమ్మే ఆయన దగ్గరికి వెళ్తే, సముద్రపు చేపలు ఇలాగే పోతుంటాయండి, ఒక్కోసారి కారణం దొరకదు అన్నాడట. ఆ మాటకు కొట్లో అంతమంది ముందూ అతన్ని నానా మాటలూ అని వచ్చారు.

తరవాత మా వంతు. పనమ్మను నిలబెట్టి ఏ సబ్బుతో గది తుడిచావని గుచ్చి గుచ్చి అడిగారు. ఆవిడ ఏడ్చుకుంటూ వెళ్ళింది, మళ్ళీ రాలేదు. పై వాటాలో రంగులు వేస్తున్న మనిషిని పిలిపించి డబ్బాలన్నీ వాసన చూశారు. చివరికి నా దగ్గరికి వచ్చారు. కుట్టుమిషనుకు వేసే నూనె అంటిందేమోనని నా చేతులు పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఎంతకాలమైందో నాకే గుర్తు లేదు. అప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చేసింది.

"అది ఎందుకు చచ్చిందో నాకు తెలుసు. మీకు చెప్పను."

అంతే చెల్లీ. ఆ రోజు నుంచి నేను ఈ ఇంటికి మహారాణిని. నాతో ముక్తసరిగా కూడా మాట్లాడని మనిషి, ఇప్పుడు నా వెనకాలే తిరుగుతున్నారు. మొదట అరిచారు. ఆ తరవాత అలిగి భోజనం మానేశారు, నేను శుభ్రంగా తిని చెయ్యి కడుక్కున్నాను. ఆ తరవాత దారికొచ్చారు. మోకాలికి మందు రాయనా అంటారు. బల్ల మీద గుండీలు ఏరిపెడతారు. మధ్యలో ఉండబట్టలేక, నూనేనా, పోనీ అవునో కాదో ఒక్కటి చెప్పు అంటారు. నేను సూదిలో దారం ఎక్కిస్తూ ఉంటాను. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి, బరువు తగ్గారు. నాకు జాలి వేయడం లేదు. వేస్తుందేమోనని చూశాను, వేయలేదు.

ఆయనే నీకు ఫోన్ చేసి, మీ అక్కను నువ్వు అడుగు, నీకైతే చెబుతుంది అన్నారని నాకు తెలుసు. నీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. "కారణం తెలియకపోతే మనిషి లోపల ఎంత నలిగిపోతాడో నీకేం తెలుసక్కా, పాపం చెప్పెయ్యి." దీన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. కుడుతూ కుడుతూ కూడా అదే గుర్తుకొచ్చింది.

నీకేం తెలుసక్కా అన్నావు కాబట్టి రాస్తున్నాను. పాప కడుపులో ఉన్నప్పుడు, నెలలు నిండాక, వెలుతురు చాలడం లేదని నేను కుట్టుమిషనును కిటికీ దగ్గరికి జరిపాను. ఇనుప మిషను, మోయలేక మోయలేక జరిపాను. మర్నాడు నొప్పులు వచ్చాయి. పాప ఏడవలేదు. నాకు ముఖమైనా చూపించకుండా తీసుకెళ్ళిపోయారు. డాక్టరమ్మ మీ బావగారిని తన గదిలోకి పిలిచి మాట్లాడింది. ఏమందండీ అని నేను అడిగితే ఆయన, "తెలుసుకుని ఏం చేస్తావు? అయిందేదో అయింది" అన్నారు. అప్పుడు నాకు తోడుగా వచ్చిన నిన్నూ అడిగాను. నాకేమీ తెలియదక్కా అన్నావు. చిన్నదానివి, నీకు మాత్రం ఏం తెలుస్తుంది అనుకుని ఊరుకున్నాను.

మిషను వల్లే అని నాకు నేనే తేల్చుకున్నాను. ఆయన నోరు మెదపకపోవడం నామీద దయ అనుకున్నాను, తెలుసా. నా తప్పు నా ముఖాన అనకుండా కాపాడుతున్నారనుకున్నాను. ఇంటికి రాగానే మిషనును మళ్ళీ ముందున్న చీకటి మూలలోనే పెట్టించాను. ఇన్నేళ్ళూ అక్కడే కుట్టాను. కళ్ళు పోతున్నా జరపలేదు. నువ్వు వచ్చినప్పుడల్లా, ఈ మూల ఏం కనపడుతుందక్కా, కిటికీ దగ్గర వేసుకోరాదా అని అడిగేదానివి.

మొన్న సెలవురోజు మధ్యాహ్నం మీ బావగారు తనే టీ పెట్టి తెచ్చారు. మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. నువ్వు చేప సంగతి చెప్పు, నేనూ నీకు ఒకటి చెబుతాను అన్నారు. మీ దగ్గర నాకు కావలసింది ఏముందండీ అన్నాను.

"పాప సంగతి" అన్నారు.

మిషను చక్రం మీద నా చెయ్యి ఆగిపోయింది. ముందు మీరు చెప్పండి అన్నాను. పాపం, నమ్మి చెప్పారు. డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చూసిందట. ఏ కారణమూ కనపడలేదందట. ఆవిడ బరువు మోసినందుకు జరిగింది కాదు, ఆవిడ తప్పేమీ లేదని మీరే చెప్పండి, లేకపోతే లోలోపల కుమిలిపోతుంది అని మరీ మరీ చెప్పి పంపిందట.

"మరి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

ఆయన తొట్టి వంక చూస్తూ జవాబిచ్చారు. "నీకు నువ్వే ఏదో అనుకుని నోరు కట్టేసుకున్నావు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. కదపడం ఎందుకులే అనుకున్నాను."

ఇంకొక మాట కూడా అన్నారు. తప్పంతా తన ఒక్కడి నెత్తినే పడుతుందేమోనని భయపడ్డట్టున్నారు. "మీ చెల్లెలు కూడా ఆ గదిలోనే ఉంది. చెప్పొద్దంటే సరే బావా అంది."

నేను ఏడవలేదు, అరవలేదు. ఆయన స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుని, బడిపిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇక నువ్వు చెప్పు అన్నారు. నేను ఆయన ముఖంలోకి చూసి, తెలుసుకుని ఏం చేస్తారండీ, అయిందేదో అయింది, టీ చల్లారిపోతుంది, తాగండి అన్నాను.

ఆయన ముఖం ఎలా మారిందో నువ్వు చూసి ఉండాల్సింది. రాసి చూపించడానికి నాకు మాటలు చాలవు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు జవాబు. నువ్వే ఏమైనా చేశావా అక్కా అని పేజీ చివర చిన్న అక్షరాలతో అడిగావు. నేనేమీ చేయలేదు చెల్లీ. ఆ నీళ్ళలో వేలు కూడా ముంచలేదు. ఆ చేప ఎందుకు చచ్చిందో నాకు బొత్తిగా తెలియదు. నాకు తెలుసన్నది పచ్చి అబద్ధం. ఈ ఒక్క మాట చెబితే చాలు, ఆయన రేపు ఆదమరిచి నిద్రపోతారు. కానీ చెప్పను. నేను బతికున్నంతకాలం చెప్పను. ఆయన ప్రతి పూటా ఉప్పు కొలుచుకోనీ, రంగులు చూసుకోనీ. చేప లేని తొట్టికి గాలి పంపు ఆపకుండా ఆడుతూనే ఉంది, దీపం వెలుగుతూనే ఉంది. ఆపనివ్వరు, మారిస్తే ఆనవాళ్ళు పోతాయట.

నిన్న పక్కింటివాళ్ళను పిలిచి మిషనును ఆ మూల నుంచి జరిపించాను. కిటికీ దగ్గరికి కాదు, తొట్టి పక్కకు. దీపం మంచి వెలుతురు ఇస్తోంది, కాజాలు ఇప్పుడు చక్కగా కుదురుతున్నాయి. ఆయన ఎదురుగా కూర్చుని, ఖాళీ నీళ్ళనూ నన్నూ మార్చి మార్చి చూస్తుంటారు.

ఈ ఉత్తరం అందాక మీ బావగారు నీకు ఫోన్ చేస్తారు. అక్క ఏమైనా రాసిందా, ఏమైనా చెప్పిందా అని బతిమాలతారు. గొంతు కూడా వణుకుతుంది, జాగ్రత్త. నాకేమీ తెలియదు బావా అని చెప్పు. తడబడకుండా చెప్పగలవు. నాకు చెప్పావుగా.

పిల్లలకు నా ముద్దులు. మరిదిగారిని అడిగానని చెప్పు. జవాబు రాయనక్కరలేదు.

ఇట్లు,
నువ్వు "నాకేమీ తెలియదక్కా" అంటే నమ్మిన
నీ అక్క