వీధిలో అడిగిన మాట

కోవిల్‌పట్టి,
శనివారం మధ్యాహ్నం.

ప్రియమైన పద్మక్కకు చెల్లెలు రమ నమస్కారాలు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను, మీరంతా కూడా కులాసానే అని నా నమ్మకం. బావ నడుమునొప్పి తగ్గిందా? అత్తమ్మకు కంటి మందు వేస్తున్నావా? చిన్నోడు ఏడవకుండా బడికి పోతున్నాడా?

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నువ్వు "తిన్నావా" అని అడిగి నేను "తిన్నాను" అనేలోపు నీ పొయ్యి మీద ఏదో ఒకటి పొంగుతుంది. కవర్లో ఇంకో మడత కాగితం ఉంది. ఉత్తరం చదవడం అయ్యేదాకా దాన్ని విప్పకు.

ఇక్కడి ఎండ చూశాక మన మదనపల్లె చల్లగాలి విలువ తెలిసింది. తిండి సాంబారు, రసం, మళ్ళీ సాంబారు. ఇంటావిడ నా మీద జాలిపడి వారానికోసారి కారం దట్టించి కూర చేస్తోంది. అయినా చింతకాయ తొక్కు కాస్త పంపు. వచ్చిన కొత్తలో ఏడ్చాను, నీకు చెప్పలేదు. ఇప్పుడు ఏడవడం లేదు. నిజంగానే లేదు.

నా పని నీకు తెలిసిందే. బడి మానేసి అగ్గిపెట్టెల కంపెనీల్లో పనికి కుదిరిన ఆడపిల్లల చేత పదో తరగతి పరీక్ష రాయించడం, పాసైనవాళ్ళను పైచదువులో చేర్చడం. ఈ పిల్లల్లో చాలామంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. రాయడం, చదవడం మాత్రం తమిళంలోనే.

మా వీరలక్ష్మి ఈసారి పాసైంది! విరుదునగర్‌లో హాస్టల్ ఉన్న బడిలో పదకొండో తరగతికి సీటు కూడా వచ్చింది. ఇక కావలసింది వాళ్ళ నాన్న రామసామి ఒప్పుకోవడమే. ఆయన కంపెనీలో మూటలు మోస్తాడు. ఒకరోజు టీకొట్టు దగ్గర కంపెనీ వ్యాను దిగుతూ కనిపించాడు. నేను ఆగితేగా! పదిమంది ముందు తెలుగులో, "అన్నా, పాపను విరుదునగర్ పంపుతారా లేదా?" అని గట్టిగా అడిగేశాను. ఆయన "అప్పురం పాక్కలాం" అని, అంటే తర్వాత చూద్దామని, తమిళంలో ఒక ముక్క అని మొహం తిప్పుకున్నాడు. మూడు రోజులు చూశాను. వాళ్ళింటి నుంచి కబురు లేదు. నా ముక్కు మీది కోపం నీకు తెలుసుగా. విరుదునగర్ బడికి ఫోన్ చేసి పేరు కొట్టేయమన్నాను. ఆ సంగతి వీరలక్ష్మికీ చెప్పాను.

మర్నాడు పొద్దున్నే ఆయన తల్లి, వీరలక్ష్మి అవ్వ, నా గది ముందుకొచ్చి నిలబడింది.

"నా కొడుకు వద్దన్యాడని ఎవురు సెప్పిరి నీకి? ఆడబిడ్డ సంగతి తెరువులో నిలబెట్టి అడిగేదా? ఇంటికి రావల్ల, కూర్చోవల్ల, నీళ్ళు తాగవల్ల. ఆయెనంక అడగవల్ల. మూడు దినాలుగా వాడు నీ కోసరం కాసుకోని ఉండాడు!"

వాళ్ళ మాటలో తెరువంటే వీధి. సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే ఆమె వెంట వెళ్ళాను. నీళ్ళిచ్చారు, తాగాను. అదే రామసామి, గడప లోపల చక్కగా తెలుగులో మాట్లాడాడు.

"మా ఇంటి బాస తెరువులో మాట్లాడమమ్మా. అందురూ తిరిగి సూస్తారు. నాకి నోరు రాలేదు. పాపను సదివించనని నేనెప్పుడు సెప్తిని? ఆడ దానికి జొరమొస్తే ఎవురు సూసేది? అది మాత్రం సెప్పు."

"ప్రతి ఆదివారం నేనే వెళ్ళి చూసొస్తాను" అన్నాను. ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు.

విరుదునగర్ బస్సులో ఆయన మళ్ళీ తమిళమే. నా కోపం వల్ల ఆ పిల్ల సీటు పోతే ఏ మొహంతో బతకను? అదృష్టం, ఆ సీటుకు పిలిచిన పిల్ల ఇంకా రాలేదు. పెద్ద టీచరమ్మ నాకు నాలుగు చీవాట్లు పెట్టి, వీరలక్ష్మి పేరు మళ్ళీ రాసుకుంది. తర్వాతి సోమవారం ఆ పిల్లను దిగబెట్టాం. హాస్టల్ గేటు దగ్గర, అంతమంది ముందు, రామసామి గొంతెత్తి "బాగా సదువుకో తల్లీ, నేను వస్తా ఉంటా" అన్నాడు. తెలుగులో. అందరూ తిరిగి చూశారు. ఆయన చూడలేదు.

వచ్చేటప్పుడు బస్సులో నువ్వే గుర్తొచ్చావక్కా. చిన్నోడికి చెవులు కుట్టించిన రోజు భోజనాల బంతిలో, మీ అత్తమామలు, ఆడబిడ్డల ముందు, "నువ్వూ పది రాయకూడదా" అని అడిగాను. "ఈ వయసులోనా" అని నవ్వి ఇంకో గరిటె పాయసం వేశావు. వద్దన్నావనే అనుకున్నాను. తొమ్మిదిలో నువ్వు బడి మాని కుట్టుమిషను మీద కూర్చుంటేనే నేను డిగ్రీ దాకా వచ్చాను. ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు, ఇప్పుడంటున్నాను.

ఇప్పుడు ఆ మడత కాగితం విప్పు. పదో తరగతి ప్రైవేటు పరీక్ష దరఖాస్తు. అన్నీ నేనే నింపాను, నీ సంతకం ఒక్కటే మిగిలింది. వద్దంటే వద్దనే రాయి, నేనేమీ అనుకోను. కానీ ఫోన్లో నవ్వి తప్పించుకోకు.

అత్తమ్మకు, మామయ్యకు నా నమస్కారాలు. బావను అడిగానని చెప్పు. చిన్నోడికి ఇక్కడి వేరుశనగ మిఠాయి వేరే పార్సిల్లో పంపాను, దాచి దాచి పెట్టు. నీ దీవెన నాకెప్పుడూ కావాలి.

ఈసారి పక్కన ఎవరూ లేరక్కా. నువ్వూ నేనే. చదువుకుంటావా?

నీ చెల్లెలు,
రమ