మోల్గన్ గొంతు

జూన్ 9, సోమవారం

హైదరాబాద్ నుంచి హర్ష అనే డబ్బింగ్ డైరెక్టర్ ఫోన్ చేశాడు. పాత ఫారిన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఒకటి తెలుగులోకి తెస్తున్నారు. విలన్ల డబ్బింగ్ మొత్తం మా స్టూడియోకే ఇస్తారట. ప్రొద్దుటూరులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకునే నాకెందుకు అని అడిగాను. విలన్లందరికీ సీమ యాస కావాలి నారాయణగారూ అన్నాడు. హీరో, హీరో స్నేహితులు పుస్తకాల తెలుగు మాట్లాడతారు. వేరే గ్రహాల నుంచి వచ్చిన రాక్షసులంతా మనలాగా మాట్లాడాలి. హైదరాబాద్‌లో దొరికేవాళ్ళు సినిమా సీమ మాట్లాడుతున్నారట, ఆయనకు ఒరిజినల్ కావాలట.

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక కోపం రావాలో సంతోషపడాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియడం లేదు.

జూన్ 11, బుధవారం

ఎపిసోడ్లు పంపారు. అరవై ఏళ్ళుగా నడుస్తున్న సీరియల్. మొదటివి బ్లాక్ అండ్ వైట్. హీరోలు మారిపోతూ ఉంటారు, రాక్షసులు మాత్రం మారరు. ముట్టుకుంటే మనిషిని ఉప్పు చేసే ఉప్పు మనుషులు ఉన్నారు. వీపుమీద ఓడలు మోసే నత్తలు ఉన్నాయి. అందరికీ పైన మోల్గన్. వాడి గ్రహం కాలిపోయింది, ఇప్పుడు మనది కావాలి. ముఖానికి రాతి తొడుగు. నోరు కనపడదు, గొంతు ఒక్కటే వినపడుతుంది. ప్రతి సీజన్ చివర చస్తాడు, తర్వాతి సీజన్‌లో వస్తాడు. ఎలా వచ్చాడో ఎవరూ అడగరు.

నా భార్య మాధవి నాతోపాటు కూర్చుని చూసింది. ఈ ఉప్పోళ్ళు అచ్చం మా పెద్దమ్మ కొడుకులే, పెండ్లికొచ్చి గోడకు ఆనుకోని నిలబడతారు, ఒక్కరితో మాట్లాడరు అంది.

జూన్ 14, శనివారం

వాయిస్ టెస్టులు. కాలేజీ కుర్రాళ్ళు వచ్చారు. అందరూ తొడ కొట్టేవాళ్ళే. ఒక్కడూ మామూలుగా మాట్లాడలేదు.

మధ్యాహ్నం కింద రోడ్డుమీద మైకు ఆటో పోయింది. చీరల డిస్కౌంట్ సేల్. రికార్డింగ్ చెడిపోతోందని విసుక్కోబోయి ఆగిపోయాను. కమాల్ బాషా మామ గొంతు. మా వీధే. చిన్నప్పటి నుంచి వింటున్నాను. కొత్త సినిమా వచ్చినా, మున్సిపాలిటీ నీళ్ళు రాకపోయినా, తిరణాలలో పిల్లవాడు తప్పిపోయినా ఊరికి చెప్పేది ఆయనే. ఈ మధ్య గొంతు మారింది. గరుకు నేలమీద బండరాయిని ఈడ్చినట్టు ఉంది.

చెప్పుల్లేకుండానే మెట్లు దిగి ఆటోకు అడ్డం పడ్డాను. ఏందప్పా అల్లుడా, చీరకింత ఉరుకులాటా, మాధవికేనా ఇంగెవురికైనానా అన్నాడు మామ.

జూన్ 17, మంగళవారం

మొదటి రికార్డింగ్. మామ ముందుగా మోల్గన్ గురించి అడిగాడు. ఈయప్పకు అంత కోపమేంటికి? ఊరు కాలిపోయిందని చెప్పాను. పెండ్లాం పిల్లోళ్ళు ఉండారా అన్నాడు. సీరియల్‌లో చెప్పలేదన్నాను. అరవై ఏండ్ల నుంచి ఒక్కరన్నా అడగల్యా ఆ మాట అని తల ఊపాడు.

నేను రాసిన లైను: మా గ్రహంలో అడుగు పెట్టే ధైర్యం నీకెక్కడిది. మామ దాన్ని చూసి, ఎవురప్పా ఇట్ల మాట్లాడేది అని పక్కన పెట్టేశాడు. తెరమీద హీరో తలుపు తీయగానే శాంతంగా అన్నాడు: ఏందప్పా, శానా దూరం వచ్చినావే. ఎవురు రమ్మన్యారు నిన్ను?

 ఫోన్‌లో హర్ష ఇదే కావాలని కేక పెట్టాడు.

జూలై 2, బుధవారం

హర్ష మెసేజ్: వాయిస్ రోజురోజుకీ అద్భుతంగా తయారవుతోంది, ఇలాగే మెయింటెయిన్ చేయమనండి.

జూలై 15, మంగళవారం

మామ ఇప్పుడు మైకు ఆటో తోలడం లేదు. దుమ్ముకు గొంతు పాడైతే మోల్గన్‌కు కష్టమంటాడు. బీడీ మాత్రం మానలేదు. వేడి టీ తాగేటప్పుడు ప్రతి గుక్కకూ కళ్ళు మూసుకుంటున్నాడని మాధవి చెప్పింది. నేను గమనించలేదు. యాక్టింగ్ కాదు అది, యా డాక్టర్‌కన్నా చూపీ అంది. మామకు చెప్తే, మోల్గన్‌కు డాక్టరా, ఉప్పు తిని బతికేటోడు వాడు అని నవ్వాడు. ఆ నవ్వు కూడా బాగుందని రికార్డ్ చేసుకున్నాను.

జూలై 29, మంగళవారం

పాత ఫైళ్ళు సర్దుతున్నాను. జూన్ 17 ఫైల్, ఈరోజు ఫైల్ పొరపాటున ఒకదాని వెంట ఒకటి ప్లే అయ్యాయి.

మొదటిది మనిషి గొంతు. గరుకుగా ఉంది, కానీ మనిషిదే. రెండోది ఏమిటో నాకు తెలియదు.

ఇన్నాళ్ళూ ఆయన నేర్చుకుంటున్నాడని అనుకున్నాను.

ఆగస్టు 4, సోమవారం

మామను పులివెందుల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. మామ భార్య మాబున్ని అత్త కూడా వచ్చింది. ముక్కులో నుంచి కెమెరా ట్యూబు వేశారు. చిన్న ముక్క తీశారు. గొంతు ఎప్పటి నుంచి ఇట్లుంది అని డాక్టర్ అడిగాడు. మామ మోల్గన్‌లాగా, మా గ్రహం కాలినప్పటి నుంచి అన్నాడు. నేను నవ్వాను. డాక్టర్ నవ్వలేదు. అత్త ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

ఆగస్టు 12, మంగళవారం

రిపోర్ట్ వచ్చింది, మళ్ళీ పులివెందుల పోయాం. అదే.

స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు డాక్టర్. తీస్తే బతుకుతాడు. మెడకు రంధ్రం పెడతారు, ఊపిరి అక్కడి నుంచే. మాట ఉండదు. తిరుపతిలో చేస్తారు, ఈ నెలలోనే పోండి, ఇప్పటికే ఆలస్యమైంది అన్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. మామ ఒక్కటే అడిగాడు, తిండి తినచ్చునా అని. తినచ్చు అన్నాడు డాక్టర్.

వచ్చేటప్పుడు జమ్మలమడుగులో ఆయన చెల్లెలు రషీదా ఇంటి దగ్గర దిగాం. మామ ఆమెకేమీ చెప్పలేదు, మమ్మల్నీ చెప్పనివ్వలేదు. వీధి పిల్లలు చుట్టూ మూగారు. సీరియల్ యాడ్ ఫోన్లలో వస్తోందట, వాళ్ళకు తెలుసు. తాతా, మోల్గన్ చెప్పు, మోల్గన్ చెప్పు అని ఒకటే గోల. మామ అరుగుమీద కూర్చుని, ఎవురు రమ్మన్యారు మిమ్మల్ని అన్నాడు. అందరూ కీచుమని పారిపోయారు. సందు చివరిదాకా పోయి మళ్ళీ వచ్చారు. మళ్ళీ చెప్పు తాతా అన్నారు. ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

బస్సులో నా చెవి దగ్గరికి వంగి, ఇంగా ఎన్ని ఎపిసోడ్లు ఉండాయి అని అడిగాడు.

ఆగస్టు 13, బుధవారం

సీజన్ అయిపోయినాకనే తిరుపతి అంటున్నాడు మామ. అంటే దసరా దాటాలి. డాక్టర్ మాట గుర్తు చేశాను. ఇన్నేండ్లు ఎవురెవురివో చీరలమ్మినా, ఎవురెవురివో సినిమాలు అరిచినా, కమాల్ బాషా చెప్తాండాడని ఒగడన్నా నిలబడి విన్యాడా? ఇప్పుడు పిల్లోళ్ళు పారిపోయి మళ్ళా వస్తాండారు, చూసినావు గదా అన్నాడు. చూశాను. 

సాయంత్రం మాబున్ని అత్త మెట్లెక్కి వచ్చింది. ఈ స్టూడియోలోకి ఎప్పుడూ రాలేదు. ఇంట్లో నాతో ఒక్క మాట మాట్లాడడు నారాయణా, గొంతంతా నీ దెయ్యానికే దాసిపెడతాండాడు, నీ దెయ్యం కోసరం నా మొగుణ్ణి సంపుతాండావా అంది. మాధవి ఆమెను కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. నా వైపు చూడలేదు.

రికార్డింగ్ నేనే ఆపేస్తే? ఆపేస్తే అసలు ఆసుపత్రికే రానంటాడు. ఆపకపోతే ఇక్కడే కూర్చుంటాడు. రెండూ ఒకటే అవుతున్నాయి. ఎటు తిప్పినా అర్థం కావడం లేదు.

ఆగస్టు 14, గురువారం

హర్షకు చెప్పాను. అయ్యో అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. తర్వాత సీజన్ మధ్యలో వాయిస్ మార్చలేమండీ అన్నాడు. మామ గొంతుతో కంప్యూటర్‌లో చేసిన శాంపిల్ ఒకటి పంపాడు. దయచేసి లొంగిపోండి అంటోంది అది.

మామకు వినిపించాను. వీడెవుడప్పా, ఇంత మర్యాద యాడ నేర్చుకున్యాడు అన్నాడు. అత్త కూడా నవ్వింది. ఆ సంగతి అంతటితో సరి.

ఆగస్టు 16, శనివారం

పొద్దున పళ్ళు తోముకుంటుంటే తట్టింది. మోల్గన్ నోరు కనపడదు. వాడు మాట్లాడాడో లేదో చూసేవాళ్ళకెలా తెలుస్తుంది? పక్కన ఎప్పుడూ ఒక ఉప్పు మనిషి ఉంటాడు, సేనాపతి. వాడికీ నోరు లేదు. మిగిలిన ఎపిసోడ్లన్నిటిలో మోల్గన్ మాటలు వాడిచేత చెప్పిస్తే సరి. దొర ఏమంటాండాడంటే, అని మొదలుపెట్టి. వాడి గొంతు నాదే కాబట్టి ఎవరికోసం ఆగక్కర్లేదు. చివరి ఎపిసోడ్‌లో ఒక్క చావు మాత్రం మామ ముందే చెప్పి పోవాలి.

హర్ష ముందు గొణిగాడు. ఒక సీన్ అలా చేసి పంపితే ఊరుకున్నాడు.

మామకు చెప్పడమే కష్టమైంది. చాలాసేపు బీడీ కట్టను అటూ ఇటూ తిప్పాడు. అంటే నేను బతికుండంగానే నా మాట ఇంగొగడు చెప్తాడా అన్నాడు. అవును మామా అన్నాను. సావు మాత్రం నాదేనా? నీదే. ఎవురూ దాంట్లో యేలు పెట్టగూడదు. పెట్టరు.

బీడీ కట్ట నా చేతిలో పెట్టి లేచాడు. మంగళవారం సచ్చి, బుధవారం బస్సెక్కుతాలే అన్నాడు.

ఆగస్టు 19, మంగళవారం

మోల్గన్ చావు.

ఓడ పగిలిపోతుంది. మోల్గన్ తలుపు దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి, హీరోతో చివరి మాట అంటాడు. నేను రాసింది: నేను చీకట్లోకి పోతాండా.

మామ మాత్రలు వేసుకుని వచ్చాడు. గొంతు సగం రావడం లేదు. అయినా ఓడ పగిలేదాకా ఒక్క టేక్‌లో చెప్పాడు. తలుపు దగ్గరికి వచ్చేసరికి, నేను చీకట్లోకి పోయొస్తా అన్నాడు.

కట్ చేశాను. మామా, పోతాండా అన్నాను. సరే సరే అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాం. తలుపు. వెనక్కి తిరిగాడు. పోయొస్తా.

మూడోసారీ అంతే. ఈసారి ఆయనకే కోపం వచ్చింది, కాగితాన్ని చేత్తో కొట్టాడు. గడప కాడ నిలబడి పోతా అనేది మా యమ్మ నేర్పల్యా అప్పా, నోటికి రాదు అన్నాడు. నేను కూడా ఎన్నడూ అనలేదు. రాసేటప్పుడు గుర్తు రాలేదు. సీరియల్ కదా అనుకున్నాను.

ఫోన్‌లో హర్ష, చచ్చేవాడు వస్తాననడం ఏంటండీ, జనం నవ్వుతారు అన్నాడు. ఇంకొక టేక్ చేద్దాం అన్నాడు. అద్దం అవతల మామ మెడ పట్టుకుని కూర్చున్నాడు. అత్త తలుపు దగ్గర సంచీతో నిలబడింది. ఇంకొక టేక్ లేదు అన్నాను. నేనంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. పై సీజన్‌లో వాడు రాడా, వస్తాడు గదా, మరి తప్పేముంది అన్నాను. హర్ష ఆ టేక్‌ను మళ్ళీ వేయించుకుని విన్నాడు. ఉంచండి అన్నాడు.

ఆగస్టు 20, బుధవారం

మామ, అత్త తిరుపతి బస్సెక్కారు. కిటికీ దగ్గర కూర్చుని ఏమేమో చెప్పాడు. ఇంజన్ శబ్దంలో ఒక్క మాటా వినపడలేదు. అన్నిటికీ తల ఊపాను.

ఆగస్టు 28, గురువారం

ఆపరేషన్ అయిందని అత్త ఫోన్ చేసింది. బాగుండాడు అంది. ఏమన్నాడు అని అడిగేశాను.  

సెప్టెంబర్ 9, మంగళవారం

మోల్గన్ నోరు మూసుకుని కూర్చుంటే ఇంకా భయంగా ఉందట. మీ ఐడియా సూపరండీ అని హర్ష. థాంక్స్ అన్నాను. అనుండకూడదు.

ఇంట్లో కూడా నువ్వు దొర ఏమంటాండాడంటే అనే మొదలుపెడతాండావు, యా దొర, కూరగాయలు తెచ్చేదానికి కూడా దొర చెప్పల్నా అంది మాధవి.

సెప్టెంబర్ 26, శుక్రవారం

తిరుపతి నుంచి వచ్చిన మామను ఇంటికి పోయి చూసి వచ్చాను. చిక్కిపోయాడు. మెడకు తెల్లగుడ్డ. పలక కొనిచ్చారు గానీ ఆయన రాయడు. చేతులూ కళ్ళూ తిప్పుతాడు, అత్త చెప్తుంది. ఈయప్ప ఏమంటాండాడంటే, నువ్వు లావైనావంట. ఈయప్ప ఏమంటాండాడంటే, నీ సేనాపతి గొంతు సరిగా పలకల్యాదంట. మామ కాదు కాదని చెయ్యి ఊపాడు. నువ్వుండు, అదే అన్యావు అని అత్త గద్దించింది. మాట ఎవరిదో, ఏ మేరకు ఎవరిదో తెలియలేదు. ఇద్దరూ పోట్లాడుకుంటుంటే టీ తాగి వచ్చేశాను. మామ గుక్క గుక్కకూ కళ్ళు మూయలేదు. అది మాత్రం చూశాను.

అక్టోబర్ 11, శనివారం

మామ ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు. తిన్నగా బూత్‌లోకి పోయి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. మెడ మీది గుడ్డ పక్కకు తీసి, మైకును మెడ రంధ్రం దగ్గరికి వంచుకుని, కానీ అన్నట్టు వేలు ఊపాడు. తెరమీద ఏ సీనూ లేదు. ఎందుకో రికార్డ్ నొక్కాను, ఆ రంధ్రంలోంచి వచ్చే ఊపిరి ఒక్కటే పడింది.

అక్టోబర్ 12, ఆదివారం

ఆ ఫైల్‌ను హర్షకు పంపాను. ఇది ఏ జీవండీ, పేరేంటి అని అడిగాడు. మళ్ళీ బూత్‌లో మైకు ముందు కూర్చున్న మామను అడిగాను. నవ్వాడు. తెరమీద శబ్దం గీత లేచింది.