సూది బెజ్జం

చెల్లాయీ,

నువ్వు బాగానే ఉండి ఉంటావు. నేను మాత్రం మండిపోతున్నాను.

మొన్న నువ్వొచ్చినప్పుడు, నా కొట్లో, లాయరుగారి ఎదురుగా, "అన్నయ్యా, నీకు చూపు తగ్గింది, డాక్టరుకి చూపించుకో" అంటావా? ముప్పై ఏళ్ళుగా కోట్లు కుడుతున్నవాడితో అనాల్సిన మాటేనా అది? అవును, ఆయన నల్లకోటుకి గుండీలు నీలం దారంతో కుట్టాను. కొట్లో బల్బు అలా ఏడిచింది. రెండుసార్లు మార్చాను, రెండూ దొంగ సరుకే!

నా బొటనవేలి కట్టు కూడా ఎత్తిచూపావు. కత్తెర కొత్తది, దానికింకా నా చెయ్యి అలవాటు కాలేదు. పైగా "నాన్న కూడా ఇలాగే మొండికేశాడు" అన్నావు. నాన్న సంగతి వేరు. ఆయనకి నిజంగానే కనపడలేదు.

మీ వదిన ఏనాడైనా ఒక్క మాట అందా? రోజూ పొద్దున్నే ఇరవై సూదులకి దారం ఎక్కించి, దిండుకి గుచ్చి నా ముందు పెడుతుంది. నేను అడగలేదు, తను చెప్పలేదు. సంసారమంటే అదీ!

నాలుగు రోజులుగా తను మా అమ్మాయి దగ్గర ఉంది. ఇక్కడ పని పేరుకుపోయింది. ఈమధ్య సూదుల కంపెనీవాళ్ళు బెజ్జాలు మరీ చిన్నవి చేసి చంపుతున్నారు.

ఇంకోసారి నా కళ్ళ ఊసెత్తావంటే ఊరుకోను.

ఈ కవర్లో ఇరవై సూదులు, ఒక దారం రీలు పెట్టాను. ఎక్కించి వెంటనే పంపు. మీ వదినకి చెప్పకు.

రీలు నల్లదే పెట్టాను. ఎందుకైనా మంచిది, ఒకసారి చూడు.

మీ అన్నయ్య