పెండ్లికి ముందు పంపకాలు

హనుమకొండ జిల్లా, ములుగు రోడ్డుకు లోపలున్న తిమ్మక్కపల్లె కాపురస్తుడను, వృత్తి వ్యవసాయం, వయసు డెబ్బై నాలుగు, గట్టయ్య అనే నేను, కల్లు ముట్టకుండా, ఎవరూ బెదిరించకుండా, కండ్లజోడు పెట్టుకొని నా సొంత చేతితో రాస్తున్న వీలునామా. నా తెలివి సరిగానే ఉంది. ఊళ్లో కొందరికి ఈ విషయంలో అనుమానం ఉన్నది గనుక నిన్న దవాఖానకు పోయి డాక్టరు చేత కాగితం రాయించుకొని దీనికి జతపరిచాను. ఆయన బీపీ చూసి, ఎందుకింత సంబరంగా ఉన్నావని అడిగాడు. వచ్చే నెల నా పెండ్లి అని చెప్పాను. ఇంకోసారి బీపీ చూశాడు.

వీలునామా చావు దగ్గరపడ్డవాడు రాస్తాడు. నేను పెండ్లి దగ్గరపడి రాస్తున్నాను. ఎందుకో నా వారసులకూ, దీన్ని అమలు జరపవలసిన సారంగపాణికీ స్పష్టంగా తెలియాలి.

పసితనంలో నాకు కామెర్లు వస్తే మా అమ్మ సమ్మక్కకు మొక్కింది, పిల్లగాడు దక్కితే జాతర జాతరకూ వాని ఎత్తు బంగారం ఇస్తానని. మేడారంలో బంగారమంటే బెల్లం. నేను దక్కాను. అప్పటినుంచి ప్రతి జాతరకూ నన్ను కాటా మీద కూర్చోబెట్టి బెల్లం తూస్తున్నారు. ఎడ్లబండిలో పోయాను, బస్సులో నిలబడి పోయాను, ఇప్పుడు అల్లుని కారులో పోతున్నాను. కరువు ఏండ్లలో సమ్మక్క తల్లికి నా వల్ల తక్కువే ముట్టింది. బోరు పడ్డాక జర పెరిగింది. నా భార్య యాకమ్మ కాలం చేసిన తర్వాత రెండు జాతరలకు ఒళ్లు కరిగి నా బొక్కల బరువే ఇచ్చుకున్నాను.

మొన్నటి జాతరకు సారంగపాణి కిరాణా దుకాణంలో, కొడుకు, బిడ్డ, చుట్టాలందరి ముందు కాటా ఎక్కాను. సారంగపాణి ముద్ద మీద ముద్ద పెడుతూనే ఉన్నాడు, కాటా లేవలేదు. దుకాణంలో బెల్లం అయిపోయింది. ఆ మనిషి అప్పుడైనా నోరు మూసుకోవాలి కదా. "ఒక్కనివే వండుకొని తొక్కుతోని తింటాన్నంటివి, ఈ కండ ఏడికెళ్లి వచ్చింది గట్టన్నా?" అని అందరికీ వినబడేటట్టు అడిగాడు. జనం నవ్వారు. మా పక్కింటి సోమక్క మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బయటికి ఉరికింది. ఇక చెప్పేదేముంది, ఊరంతటికీ తెలిసిపోయింది. రెండేండ్లుగా గోడ మీదుగా నాకు సర్వపిండీ చింతచిగురు పప్పూ అందిస్తున్నది ఆమే. పదేండ్ల కింద భర్త పోయాడు, పిల్లలు లేరు, మా శనివారం భజనలో గొంతు సరిగా కలిసేది ఆమె ఒక్కతే.

కాజీపేటలో రైల్వే నౌకరీ చేసే నా కొడుకు సుదర్శన్ మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు. ఎత్తిన రోజున, "నీ సుఖానికి నేను అడ్డం రాను బాపూ. రేపు భూమి మంది పాలైతే నా బిడ్డకు ఏం చెప్పాలె?" అన్నాడు. ఈ మాట సోమక్క చెవిన పడ్డది. "ముందుగాల నీ పిల్లలకు రాసియ్యి. ఒక్క చెంచా సుత నా పేరు మీద పెట్టకు. అప్పుడు పుస్తె సంగతి మాట్లాడుదం" అని గోడ మీది గిన్నె తీసుకొని లోపలికి పోయింది. అప్పటినుంచి గిన్నె రావడం లేదు. కనుక ఈ కాగితం తొందరగా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే మన్నించాలి.

1. చెరువు కింది ఎకరన్నర వరిపొలం నా తదనంతరం సుదర్శన్‌కు సర్వహక్కులతో చెందాలి. మూలమడి వడ్లు మాత్రం ఏటా శ్రీరామనవమికి తలంబ్రాల బియ్యం కోసం ఇవ్వాలి. ఆ మడికి పురుగుల మందు కొట్టకూడదు. అవి సీతమ్మ తల మీద పోసే బియ్యం.

2. రెండెకరాల మెట్ట చెల్క, బోరు, మోటరు నా బిడ్డ సుకన్యకు. సంగతి బయటపడ్డ రోజే, "చేసుకో బాపూ, నువ్వు నవ్వంగ చూసి ఎన్నేండ్లాయె" అన్నది. ఆ మాటకు ఇంకో రెండెకరాలు రాసేవాణ్ని, లేవు. మోటరును పొద్దున్నే నాలుగు తిట్లు తిట్టి స్విచ్ వెయ్యాలి, మర్యాదగా వేస్తే నడవదు.

3. నా భజన తాళాలు మనవరాలు తేజస్వికి. నా పాట ఫోన్‌లో తీసి అందరికీ పంపించింది. "సారంగపాణి తాత పాడిన ముక్క కట్ చేసిన" అని కూడా చెప్పింది. ఆ పిల్లకు సంగీతం తెలుసు.

4. పైన చెప్పిన సారంగపాణికి నా మంచి గొంగడి. చలికాలం తెల్లవారకముందే దుకాణం తెరిచి వణుకుతూ కూర్చుంటాడు. నలభై ఏండ్లుగా భజనను పాడుచేస్తున్నాడు గనుక నా దినం నాడు పాడకూడదు, కూర్చొని ఏడవవచ్చు. ఇతడు ఆనాడు నోరు జారకపోతే నేను ఇప్పటికీ గోడ దగ్గరే నిలబడి ఉండేవాణ్ని. అది నేను మరిచిపోను.

5. గోడకున్న యాకమ్మ ఫొటో ఎవరూ తీసుకుపోకూడదు. అక్క ఫొటో దించితే గడప తొక్కనని సోమక్క ముందే చెప్పింది. యాకమ్మను కూడా దీపం పెట్టి అడిగాను. జవాబు లేదు. బతికున్నప్పుడూ అంతే, ఇష్టం లేకపోతేనే నోరు తెరిచేది.

6. నా ఇల్లు నా తదనంతరం సుదర్శన్‌కు.

7. సోమక్కకు, ఆమె కోరినట్టే, ఈ వీలునామా వల్ల ఏమీ రాదు. నేను పోయినంక ఇచ్చేవన్నీ పైన పంచేశాను. నేను బతికుండే రోజుల మీద మాత్రం నా వారసులకు హక్కు లేదు. అవి ఆమెవి.

8. సంతకానికి ముందు పైవన్నీ సుదర్శన్‌కు చదివి వినిపించాను. అంతా విని, "ఆరోది కొట్టెయ్యి" అన్నాడు. నా ఇల్లే వద్దంటున్నాడు, ఇక నా పెండ్లి ఆగినట్టే అనుకున్నాను. తర్వాత అన్నాడు: "నువ్వు పోయిన తెల్లారి ఆమె మళ్ల గోడ అవతలికి పోవాల్నా బాపూ?" కాబట్టి ఆరో నిబంధన రద్దు చేసి, నా కొడుకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నా తర్వాత సోమక్క బతికున్నంత కాలం ఇల్లు ఆమెది. ఆమెను లెమ్మనే అధికారం నా పిల్లలకు గాని, వాళ్ల పిల్లలకు గాని లేదు. ఆమె తర్వాతనే సుదర్శన్‌కు.

దీనికి సోమక్క ఒప్పుకోదు, నాతో కొట్లాడుతుంది. ఆమెను ఒప్పించే భారం సుదర్శన్ మీదే పెట్టాను. ఇప్పుడే లేచి పోయాడు. చిన్నప్పటినుంచి సోమత్తా అని పిలిచినవాడు, ఆమె వాకిట్లో నిలబడి "చిన్నమ్మా" అని పిలుస్తున్నాడు. నాకు ఇక్కడికి వినబడుతున్నది.

తేదీ: 2026 మార్చి 8, ఆదివారం. తిమ్మక్కపల్లె.

సంతకం: గట్టయ్య

సాక్షులు:
1. సారంగపాణి, కిరాణా వ్యాపారం
2. యాకయ్య, వ్యవసాయం